లెక్కలో లేని ఇనుము

"సాయంత్రం దాకా టైమిస్తా ఉండా చెంగల్రాయుడూ. ఆ తర్వాత ఈ అమ్మాయి నా జీపులో కూర్చుంటుంది. అంతే."

అనేసి ఇన్‌స్పెక్టర్ ధర్మలింగం గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిండీలోని ఆ కంప్యూటర్ సెంటర్‌కి ఉన్నది ఒక్కటే ద్వారం. లోపల బీరువాలంతేసి యంత్రాలు రొద పెడుతున్నాయి. వాటికి చల్లగాలి తప్పిపోకుండా కిటికీలు మూసి, సందుల్లో కాగితాలు అంటించేశారు. కంప్యూటర్‌కి లెక్క అందించే కంతల కార్డుల కట్టలు పేర్చిన బల్ల వెనక, మూలకి ఒదిగి కూర్చుని ఉంది కోకిల. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ తడి లేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

ధర్మలింగం, చెంగల్రాయుడు ఒకే ఏడు సబ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్ళు. చెంగల్రాయుడు ఉద్యోగానికి నీళ్ళొదిలి మైలాపూరులో ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక, రెండు కేసుల్లో ధర్మలింగం పట్టుకొచ్చిన మనిషి నేరస్తుడు కాదని తేల్చాడు. ఆ మంట ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా ఆరలేదు.

"నిన్నెవరు పెట్టుకున్నారయ్యా? ఈ పిల్ల నాయనా?" అన్నాడు ధర్మలింగం.

"కాదు. చచ్చిపోయిన కోదండరాం భార్య, సీతాలక్ష్మమ్మ."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"'మా ఆయన ఆ లెక్క చూసి సరే అన్నాడు. తప్పు లెక్కకి సరే అనే మనిషి కాదు' అనింది. ఇంకేమీ చెప్పలేదు. నాకది చాలు," అని చెంగల్రాయుడు కోకిల ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పమ్మా. మొదటినుంచీ చెప్పు. నేను చదువుకున్నవాణ్ణి కాదనుకుని చెప్పు."

మాధవరంలో వరదయ్య, కోదండరాం భాగస్తులుగా నడిపే ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద అయస్కాంతాలు తయారుచేస్తారు. వరదయ్యది వ్యాపారం, కోదండరాంది ఇంజనీరింగు. కోకిల అక్కడ లెక్కలు కట్టే ఉద్యోగి. మూడు రోజుల కిందట, టెస్టు గదిలో రెండు అయస్కాంతాల మధ్య సందులోకి చెయ్యి పెట్టి కోదండరాం కొలత తీసుకుంటూ ఉండగా, పై అయస్కాంతాన్ని ఆపే ఇత్తడి పిన్నులు పుటుక్కున విరిగాయి. చెయ్యి భుజం దాకా నలిగిపోయింది. అంతకన్నా ఘోరం, అయస్కాంతాలు విడిపోలేదు. అంత బలంగా కరుచుకున్నాయి. విడదీసేసరికి ఆయన ప్రాణం పోయింది.

"నేను పక్క బల్ల దగ్గరే ఉండా సార్," అంది కోకిల. "ఆయన ఇంకో చెయ్యి నేను పట్టుకోనుండా. చల్లబడతా పోయింది. నేను వదల్లేదు."

"పిన్నులు ఎంత బరువు ఆపుతాయి?"

"ఎనిమిది వందల కిలోలు. టెస్టు చేసి పెట్టినవే. నా లెక్క ప్రకారం నాలుగంగుళాల సందులో కిందికి లాగే బలం, పైదాని బరువు కలుపుకుని, ఆరు వందలు దాటదు."

"అది అయస్కాంతం కదా, సంతలో తూచే బియ్యం కాదే. ఎట్ట కట్టినావు లెక్క?"

కోకిల ఒక కాగితం లాగి అయస్కాంతాల బొమ్మ గీసింది. వాటినీ, చుట్టూ ఉన్న ఖాళీనీ చిన్న చిన్న త్రికోణాలుగా కోసింది. "మొత్తం ఒక్కసారిగా కట్టలేం సార్. అందుకని ఇట్ట ముక్కలు చేస్తాం. ఏ ముక్కలో ఏముందో కంప్యూటర్‌కి చెప్తాం. ఇది అయస్కాంతం, ఇది అల్యూమినియం, ఇది ఇనుము, ఇది గాలి. ప్రతి ముక్కా పక్క ముక్కతో సర్దుకునేదాకా అది లెక్క వేస్తుంది. చివరికి బలం చెప్తుంది. ఫైనైట్ ఎలిమెంట్ అంటారు."

"ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టు."

"ఆమా సార్. చుక్క తప్పితే ముగ్గంతా తప్పుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ వేసి చూసినా. ప్రతిసారీ అదే ఆరు వందలు." ఆమె పెన్సిల్ కింద పెట్టింది. "లెక్క ఒప్పయితే ఆయన చావకూడదు సార్. ఆయన చచ్చినాడు. అంటే తప్పు నాదే. ఎక్కడుందో తెలీలే. దాన్ని పట్టుకునేదాకా నేను ఈడనించి లేవలేను."

"చూసినావా?" అన్నాడు ధర్మలింగం వెనకనుంచి. "తనే ఒప్పుకుంటా ఉండాది."

చెంగల్రాయుడు తల తిప్పలేదు. "పిన్ను విరిగేటప్పుడు ఏం వినబడింది తల్లీ?"

"ఠంగుమని ఒక మోత. తర్వాత పుటుక్కుమని విరిగినాయి."

"ముందు మోత. తర్వాత విరగడం. నిజంగా?"

కోకిల కళ్ళు మూసుకుంది. "నిజంగా. మోతకి కోదండరాం సార్ తలెత్తి చూసినాడు. అంతలోనే విరిగినాయి. చెయ్యి చిక్కినాక కూడా ఆయన 'పైన... పైన...' అంటానే ఉండాడు."

"పైనున్న దేవుణ్ణి పిలిచినాడు పాపం," అన్నాడు ధర్మలింగం. "చచ్చేవాడు ఇంకెవర్ని పిలుస్తాడు?"

చెంగల్రాయుడు లేచాడు. "మాధవరం పోదాం రా ధర్మలింగం. నీ జీపులోనే."

"నేనెందుకొస్తా?"

"నేనొక్కణ్ణే పోయి ఏమన్నా పట్టుకుంటే, రేపు నువ్వు నేనే పెట్టినానంటావు."

కానిస్టేబుల్ కాళిముత్తుని గుమ్మం దగ్గర కాపలా పెట్టి, అమ్మాయిని కదలనివ్వద్దని చెప్పి, ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ జీపెక్కాడు.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర వరదయ్యే ఎదురొచ్చాడు. తెల్లటి పంచె, విబూది రేఖలు, మెత్తటి గొంతు. "రండి రండి. కోదండరాం పోయినాక నాకు కుడిచెయ్యి పోయినట్టుండాది. ఆ పిల్లను మాత్రం కష్టపెట్టొద్దండి ఇన్‌స్పెక్టర్ గారూ. చిన్నపిల్ల. కంప్యూటర్ చెప్పింది నమ్మింది. యంత్రం తప్పు చెప్తే అదేం చేస్తుంది?"

"చూడు, ఎంత పెద్ద మనసో," అన్నాడు ధర్మలింగం.

టెస్టు గదిలోకి వెళ్ళే ముందు ఫోర్‌మన్ ఆరోగ్యసామి వాళ్ళ వాచీలు, తాళంచేతులు, బెల్టులు తీయించి చెక్కపెట్టెలో పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ పిస్తోలు కూడా. ధర్మలింగానికి అది లేకుండా నడవడం చొక్కా లేకుండా నడిచినట్టుంది.

గది ఇరుకుగా ఉంది. కిటికీ లేదు. చెక్క తలుపు, ఇత్తడి బందులు. పెట్టెలో దూరినట్టుంది చెంగల్రాయుడికి. నడుమ నాలుగు ఇత్తడి స్తంభాలు. వాటి మధ్య నడుమెత్తున కింది అయస్కాంతం. పైది గొలుసు మీద వేలాడుతోంది. దాని వీపు చెక్క కప్పులో కోసిన చదరపు కంతలోకి దూరిపోయింది, కిందనుంచి కనిపించదు. రెండడుగులు దగ్గరికి వెయ్యగానే అతని బూట్ల అడుగున మేకుల్ని ఎవరో మెల్లిగా లాగుతున్నట్టయింది. మడమ తనంతట తనే ముందుకు జరిగింది. వెనక్కి తీసుకున్నాడు. ఇది పట్టుకుంటే వదిలేది కాదు.

"ఆరోగ్యసామీ, ఆ రోజు ఎట్ట విడదీసినారు?"

"పైన అటకలో చైన్ బ్లాక్ ఉండాది సార్. బరువులెత్తే గొలుసు మర, రెండు టన్నులది. దాంతో లాగితే రాలేదు. కొక్కెం విచ్చుకుంటా ఉండాది గానీ కదల్లేదు. అరగంట పైనే అరిచినాం. అప్పటికే సారు..." ఆరోగ్యసామి గుండె మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "ఆయన పోయినాక చూడండి, అదే చైను, అదే కొక్కెం. లటుక్కున లేచింది."

చెంగల్రాయుడు గిరుక్కున తిరిగాడు. "అదే చైనా?"

"అదే సార్."

"జనం ఎక్కువమంది లాగుంటారు," అన్నాడు ధర్మలింగం.

"చైన్ బ్లాకుని ఒక్క మనిషే తిప్పేది సార్. ముందు తిప్పిందీ, తర్వాత తిప్పిందీ ఒక్కరే. మా మొదలాళి, వరదయ్య అయ్యే. అటక తాళం ఆయన దగ్గరే ఉంటుంది. మమ్మల్ని ఎక్కనీలేదు, పలకలు పాతవి, అంతమంది ఎక్కితే కూలిపోతాయన్నాడు."

చెంగల్రాయుడు తలెత్తి ఆ కంతకేసి చూశాడు. "ధర్మలింగం, మనిషైతే అలుపొచ్చి పట్టు వదులుతాడు. అయస్కాంతానికి అలుపుంటుందా? అరగంట రాకుండా మొరాయించింది, తర్వాత లటుక్కున ఎట్ట వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ అటక తాళంచెవి అడిగి తెమ్మని ఆరోగ్యసామిని పంపాడు. తాళంచెవి వచ్చింది, మొదలాళి రాలేదు.

అటకలో నిలువుగా నిలబడడానికి లేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద పాక్కుంటూ కంత దగ్గరికి వెళ్ళారు. పై అయస్కాంతం వీపు మీద అల్యూమినియం రేకు బిగించి ఉంది. చెంగల్రాయుడు టార్చి పక్కవాటంగా వేశాడు. రేకు మీద పొడుగాటి గీతలు, కొత్తవి, తళతళలాడుతున్నాయి. అన్నీ ఒకే వైపుకి. ఒక అంచున గడ్డపార మొన ఆనించి తోసినట్టు రెండు నొక్కులు. గీతల్లో ఎర్రటి పొడి. వేలితో తీసి ఇన్‌స్పెక్టర్ ముక్కు దగ్గర పెట్టాడు.

"తుప్పు," అన్నాడు ధర్మలింగం మెల్లిగా.

"అల్యూమినియానికి తుప్పు పట్టదు. ఈ వీపు మీద ఏదో ఇనుము పడింది. అదీ ఆ ఠంగుమన్న మోత. తర్వాత దాన్ని గడ్డపారతో పక్కకి తోసేసినారు."

"ఇనుము పడితే ఏమవుతుంది?"

"నాకు తెలీదు. తెలిసినమ్మాయిని నువ్వు గదిలో పెట్టి తలుపేసినావు."

ఆఫీసు గదిలో ఫోను. గదికీ వరదయ్య గదికీ మధ్య పలచటి చెక్క అడ్డు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చెంగల్రాయుడు గొంతు తగ్గించే అడిగాడు.

"కోకిలా, నీ ముగ్గులో పై అయస్కాంతం వీపు పైన ఏముంది?"

"గాలి సార్."

"గాలి తీసేసి ఇనుము పెట్టు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "సార్... కింద ఎటూ ఇనప పీట ఉండాది. పైన కూడా ఇనుము పెడితే అయస్కాంత రేఖలు బయటికి చెదిరిపోకుండా చుట్టు తిరిగొస్తాయి. బలం అమాంతం పెరుగుతుంది. ఒక్క కార్డు మార్చాలంతే. ఎంత మందం సార్?"

"అది నాకేం తెలుసు? ఎంత మందమైతే పిన్ను విరుగుతుందో నువ్వే చెప్పు."

"అట్ట తిప్పి అడగొచ్చు సార్!" మొదటిసారి ఆ గొంతులో ప్రాణం వచ్చింది.

"ఇంకొకటి. ఆ రోజు ఆ కొలత ఎవరు తీసుకోవాల్సింది?"

"నేనే. రోజూ నేనే. ఆ రోజు జడలో ఇనప పిన్నులు తియ్యడం మర్చిపోయినా. జుట్టు పట్టుకుని లాగినట్టయి కెవ్వుమన్నా. 'పోయి తీసేసి రా అమ్మా, ఈ ఒక్కటీ నేను చూస్తా' అన్నాడు కోదండరాం సార్. నేను తీసి బల్ల దగ్గరికి వచ్చేసరికి..."

చెంగల్రాయుడు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "నీ లెక్క అంటే ఎవరికి గిట్టదు తల్లీ?"

"గిట్టకపోవడమేముంది... నిరుడు మేము అమ్మిన, బరువులెత్తే అయస్కాంతం ఒక ఫౌండ్రీలో, ఇనుము పోతపోసే చోట, దూలం జారవిడిచింది. ఇద్దరు చచ్చిపోయినారు. ఆపరేటర్ తప్పని మూసేసినారు. ఊరికే ఆ డిజైన్ కూడా నా ప్రోగ్రాంలో వేసి చూసినా. చెప్పిన బరువులో సగం కూడా ఆపలేదు. పోయిన వారమే వరదయ్య సార్‌కీ కోదండరాం సార్‌కీ చెప్పినా."

"ఫౌండ్రీనా?" అన్నాడు చెంగల్రాయుడు తనకు తెలీకుండానే కాస్త పెద్దగా.

చెక్క అడ్డు అవతల ఫ్యాను ఆగింది. కాసేపటికి బయట అంబాసిడర్ కారు స్టార్టయిన చప్పుడు.

"భోంచేసి వస్తానన్నాడు అయ్య," అన్నాడు ఆరోగ్యసామి.

*

చెంగల్రాయుడు తన అనుమానం చెప్పినప్పటినుంచీ, కోకిల మళ్ళీ ఫోను చేసేదాకా ధర్మలింగం వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఊహాగానాలు. మొత్తం ఊహాగానాలు. కంప్యూటర్ ఒకటి చెప్పిందని అంత పెద్దమనిషిని పట్టుకోమంటావా? ఆ పిల్లను చంపాలంటే అతనికి వేరే దారే దొరకలేదా?"

"చంపడం ఒక్కటే కాదయ్యా అతనికి కావాల్సింది. ఆలోచించు. ఆ అమ్మాయి తన లెక్క నమ్మి తనే చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నలిగిందనుకో. ఇంక ఆ లెక్కకి విలువేముంటుంది? ఫౌండ్రీ లెక్క కూడా తప్పేనంటారు. మనిషి బతికినా చచ్చినా లెక్క చస్తుంది. కోదండరాం చిక్కుకున్నాడు, అతనికీ ఫౌండ్రీ సంగతి తెలుసు. అందుకే వరదయ్య పైన కూర్చుని, రావడం లేదు రావడం లేదని చైను తిప్పుతానే ఉండాడు. పక్కకి ఒక్క తోపు తోస్తే విడిపోయేదాన్ని."

ధర్మలింగం నడక ఆగింది. "ఆ పిల్ల కింద అతని చెయ్యి పట్టుకోనుండాదే," అన్నాడు.

ఫోను మోగింది. చెంగల్రాయుడు ఒక్క అంగలో అందుకున్నాడు.

"సార్, అంగుళం మందానికి పిన్ను నిలబడతా ఉండాది. రెండంగుళాలకి తొమ్మిది వందల యాభై. విరిగిపోతుంది. అతుక్కున్నాక రెండు టన్నులు దాటుతుంది, చైన్ బ్లాక్ లాగలేదు. ఇనుము తీసేస్తే ఒకటిన్నర. సులభంగా వచ్చేస్తుంది." ఆమె ఆగింది. "సార్, ఆ ఇనుము అయస్కాంతం వీపంత ఉండాలి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, మందం రెండంగుళాలకి తగ్గకూడదు. చిన్నదైతే జరగదు."

"తల్లీ, నీ ముగ్గులో చుక్క తప్పలేదు."

అప్పుడు ఏడ్చింది కోకిల. చెంగల్రాయుడు ఫోను చెవికి ఆనించుకుని, ఆమె ఏడుపు తగ్గేదాకా నిలబడ్డాడు.

ఫ్యాక్టరీ వెనక పాత ఇనుము గుట్ట. టేపు పట్టుకుని ఇద్దరూ దిగారు. రేకులు, పైపులు, పళ్ళ చక్రాలు. పలకలు చాలా ఉన్నాయి గానీ అన్నీ పలచనివి. ఎండకి ఇనుము కాలుతోంది. చివరికి ధర్మలింగమే నీళ్ళతొట్టి పక్కకి వెళ్ళి, బట్టలుతికే రాయిలా బోర్లా వేసి ఉన్నదాన్ని బూటుతో తట్టాడు. ఠంగుమంది. కొలిచాడు. రెండంగుళాలు. పొడుగు, వెడల్పు కూడా సరిగ్గా.

నలుగురు పనివాళ్ళు గడ్డపారలతో తిరగేశారు. తుప్పు పట్టిన మొహం మీద వెండిగీతల్లా అల్యూమినియం అంటుకుని మెరుస్తోంది.

ధర్మలింగం ఆ గీతల మీద వేలు రాశాడు. "ఆ పిల్ల గిండీలో కూర్చుని, చూడని ఇనుముకి కొలత చెప్పిందయ్యా," అన్నాడు. అక్కణ్ణుంచి ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు. చెంగల్రాయుడు కొళాయి కింద తుప్పంటిన చేతులు కడుక్కున్నాడు.

వరదయ్య ఇంటికి ఇద్దరు పోలీసుల్ని పంపి, పలకని జీపు వెనక ఎక్కించి బయల్దేరారు. కోకిల వాంగ్మూలం, కంప్యూటర్ కాగితాలు చేతికొస్తే వారంటుకి అడ్డుండదు. దారిలో ధర్మలింగం రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"చెంగల్రాయుడూ, నేను మొండివాణ్ణేగానీ చెడ్డవాణ్ణి కాదు. ఇందాకే ఫోన్ చేసి కాళిముత్తుకి చెప్పేసినా. ఆ అమ్మాయి మీద కేసేమీ లేదు, వదిలెయ్, స్వేచ్ఛగా పోనీ అని."

చెంగల్రాయుడు అతనివైపు తిరిగాడు. "కాపలా తీసేసినావా?"

"తీసెయ్యకపోతే ఎట్ట? నిర్దోషి కదా!"

"స్పీడ్ పెంచమను," అన్నాడు చెంగల్రాయుడు.

కంప్యూటర్ సెంటర్ గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కాళిముత్తు పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. లోపల బల్ల మీద కార్డుల కట్ట సర్ది ఉంది. అచ్చయిన కాగితాలు మడతలు విప్పుకుని నేలదాకా జారి ఉన్నాయి. మూల కుర్చీలో ఎవరూ లేరు.

"అమ్మాయేదయ్యా?"

"పోయింది సార్. కారులో." ఇన్‌స్పెక్టర్ మొహం చూసి కాళిముత్తు గ్లాసు కింద పెట్టేశాడు. "ఆ పెద్దాయన, విబూది పెట్టుకున్నాయన, ముందే వచ్చి బయట కారులో కాచుకోనుండాడు. లోపలికి వదలమన్నా నేను వదల్లేదు సార్. మీ ఫోను వచ్చినాకే వదిలినా. 'ఇన్‌స్పెక్టర్, డిటెక్టివ్ ఇద్దరూ టెస్టు గదిలో నీ కోసం చూస్తా ఉండారు, ఆఖరి కొలత నీ చేత్తోనే తియ్యాలంట' అన్నాడు. ఆ అమ్మాయి పరిగెత్తింది సార్. సంతోషంగా పరిగెత్తింది."

చెంగల్రాయుడు అప్పటికే ఫోను అందుకున్నాడు. అవతల చాలాసేపు మోగింది. ఎత్తింది ఆరోగ్యసామి.

"మొదలాళి వచ్చినాడా?"

"ఇప్పుడే సార్. కోకిలమ్మతో. ఇంటికాడ మీ పోలీసులు కాచుకోనుండారు గదా, ఆడికి పోకుండా నేరుగా ఈడికే వచ్చేసినాడు. మీరు లోపలుండారనుకుని ఆ అమ్మాయి టెస్టు గదిలోకి పోయింది. మమ్మల్నందరినీ పొమ్మన్నాడు. నేను గేటుకి తాళం వెయ్యబోతా ఉండా."

"ఆయనేడీ?"

"మీరు తెరిచిన అటకే ఎక్కినాడు సార్. పై అయస్కాంతం వేలాడే చైను దించతా ఉండాడు, చప్పుడు వినబడతా ఉండాది."

ధర్మలింగం చెంగల్రాయుడి భుజం పట్టుకుని ఊపేశాడు. "స్విచ్ ఆపెయ్యమను! మెయిన్ స్విచ్ ఆపెయ్యమనవయ్యా!"

"అది కరెంటుది కాదు ధర్మలింగం," అన్నాడు చెంగల్రాయుడు. "దానికి స్విచ్ లేదు."

తర్వాత ఫోనులోకి అరిచాడు. "ఆరోగ్యసామీ! తాళం పారేసి పరిగెత్తు! గది తలుపు పగలగొట్టు!"

అవతల ఫోను బల్ల మీద పడిన చప్పుడు. పరిగెత్తే అడుగులు. చెక్క తలుపు మీద ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. తర్వాత ఎక్కడో పైన, గొలుసు కొక్కెం ఊడినట్టు, ఠంగుమని ఒక మోత.